నాయిన శ్రావణం, చిన్న లైను ఇంజను

మాది మహబూబ్‌నగర్. అవుసలోళ్ళం. క్లాక్ టవర్ దగ్గరి ఒక గల్లీలో నాయిన నలభై ఏళ్ళకు పైగా బంగారం పని చేశాడు. నేనూ చిన్నప్పుడే కుంపటి ముందు కూర్చున్నాను, ఊదుగొట్టం పట్టాను, ఆకురాయి ఆడించాను. కానీ ఆ పనిలో నిలవలేదు. ఇప్పుడు ఒక బ్యాంకులో అప్రైజర్‌ని. బంగారం మీద అప్పుకు వచ్చేవాళ్ళ నగలు గీటురాయి మీద గీసి, తూకం వేసి, విలువ రాసిస్తాను. గిరాకీ అంతా షోరూముల బాట పట్టింది. నాయినకు రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయింది. దాంతో కుంపటి అటకెక్కింది. శ్రావణం (నగల పనిలో వాడే సన్న పట్టుకారు), మిగతా పనిముట్లు ఉన్న పెట్టె మాత్రం తాళం వేసి ఆయన మంచం కిందే ఉండేది.

ఆ తాళం మళ్ళీ తీసింది నగ కోసం కాదు. అరచేతిలో పట్టే రైలింజను కోసం.

1983లో నాకు ఎనిమిదేళ్ళు. తొలి ఏకాదశికి అవ్వ నన్ను పండరిపురం తీసుకుపోయింది. ఆ ఒక్క ప్రయాణంలో మూడు రకాల పట్టాలు ఎక్కామని పెద్దయ్యాక గానీ నాకు తెలియలేదు. మహబూబ్‌నగర్ నుంచి సికింద్రాబాద్ దాకా మీటర్ గేజ్, అంటే పట్టాల మధ్య ఎడం 1000 మిల్లీమీటర్లు. మా లైను పెద్ద లైను అయింది 90ల్లోనే. సికింద్రాబాద్ నుంచి వాడి, షోలాపూర్ మీదుగా కుర్దువాడి దాకా బ్రాడ్ గేజ్, 1676 మిల్లీమీటర్లు. కుర్దువాడిలో దిగి మూటలు నెత్తిన పెట్టుకుని చిన్న రైలు దగ్గరికి నడిచాం. అది నారో గేజ్, 762 మిల్లీమీటర్లు. రెండున్నర అడుగులు.

పెద్ద ఇంజన్ల చక్రాలు చూడాలంటే నేను కాస్త వెనక్కి జరిగి తలెత్తాల్సి వచ్చేది. ఈ ఇంజను చక్రాలు, వాటిని కలిపే కడ్డీలు నా కళ్ళ ముందే, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో ఉన్నాయి. కడ్డీ పైకి లేచి, ముందుకు పడి, కిందికి దిగి వెనక్కి పోవడం మొదటిసారి అక్కడే నిలబడి చూశాను. అవ్వ రెక్క పట్టి లాగితే గానీ డబ్బా ఎక్కలేదు. పాండురంగడి గుడిలో ఏం చూశానో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను. ఆ కడ్డీ మాత్రం అలాగే గుర్తుంది.

అది బార్సీ లైట్ రైల్వే. ఎవరార్డ్ కాల్‌త్రాప్ అనే ఇంగ్లీషు ఇంజనీరు వేయించిన లైను. 1897లో కుర్దువాడి నుంచి బార్సీకి మొదలై, 1906కి పండరిపురం, 1911కి లాతూరు, 1927కి మిరజ్ చేరింది. లాతూరు అప్పట్లో మన నిజాం రాజ్యంలోదే. కాబట్టి ఆ చిన్న రైలు హైదరాబాద్ సంస్థానంలోకీ వచ్చినట్టే. కాల్‌త్రాప్ చేసిన పెద్ద పని బరువుల లెక్క. ఇంజను గానీ, డబ్బా గానీ, వ్యాగను గానీ ఏ ఇరుసు మీదా 5 టన్నులకు మించి భారం పడకుండా అన్నిటినీ ఒకే కొలతకు కట్టించాడు. పట్టా తేలికదైనా సరే, బండి మాత్రం బాగా మోసేది. మొదటి ఇంజన్లు లీడ్స్ ఊళ్ళోని కిట్సన్ కంపెనీ చేసినవి. నడిపే చక్రాలు ఎనిమిది, వెనక ఆసరాకు నాలుగు. (ఈ కాల్‌త్రాపే తర్వాతి రోజుల్లో విమానాల వాళ్ళ కోసం పారాచూట్ తయారుచేశాడు. మనుషులు ఒక్క పనితో ఆగరు.) 2000 దాటాక ఆ లైనంతా దశలవారీగా బ్రాడ్ గేజ్ అయిపోయింది. నేను రెండోసారి వెళ్ళేసరికి చిన్న పట్టా లేదు.

2019లో మా మేనల్లుడు మాస్టర్స్ చదవడానికి లీడ్స్ వెళ్ళాడు. మొదటి సెలవులకు వస్తూ ఏం తేవాలి మామా అని అడిగాడు. చాక్లెట్లు వద్దు, నారో గేజ్ ఇంజను కిట్ ఒకటి, అంటే విడిభాగాలు అతికి మనమే కట్టుకునే బొమ్మ ఇంజను తెమ్మన్నాను. అప్పటికే చాలా రోజులుగా రాత్రిపూట వాటి గురించి చదువుతున్నాను. లెక్క ఇలా ఉంటుంది. ఇంగ్లండు వాళ్ళు ఎక్కువగా 1:76 కొలతలో, అంటే అసలుదానిలో 76వ వంతుగా చేస్తారు, పట్టాల ఎడం 9 మిల్లీమీటర్లు. ఆ 9 మిల్లీమీటర్ల పట్టా నిజానికి ఎన్ గేజ్ అనే ఇంకో రకం చిన్న రైళ్ళది. మోటారు, చక్రాలు తయారుగా దొరుకుతాయి కాబట్టి దాన్నే నారో గేజ్‌కి వాడుకుంటారు. మన 762ని 76తో భాగిస్తే 10 వస్తుంది. అంటే మిల్లీమీటరు తేడా. అదే 1:87 కొలతలో చేస్తే 8.76, దాదాపు సరిగ్గా సరిపోతుంది. నాకు దొరికిన కిట్లు 1:76వే. ఆ మిల్లీమీటరు నన్ను చాలా రోజులు తొలిచింది. గీటురాయి పట్టుకునేవాడికి తేడా తేడాగానే కనిపిస్తుంది. చివరికి ఒప్పుకున్నాను, ఎందుకంటే లేకపోతే ఎప్పటికీ మొదలుపెట్టేవాణ్ణి కాదు.

మొదటి కిట్ చిన్నది. నాలుగు చక్రాల తయారు చాసిస్ (చక్రాలు, మోటారు ఉన్న అడుగు చట్రం) మీద బొందె కూర్చోబెట్టడమే. బాయిలరు, పొగపెట్టె, చిమ్నీ, క్యాబు అన్నీ వైట్ మెటల్ పోతలు. తగరం, సీసం, ఆంటిమొని కలిసిన లోహం అది. చూడ్డానికి వెండి పోతలాగే ఉంటుంది. అతకాలి అనగానే నా చేతికి తెలిసిన దారి ఒకటే: వెలిగారం, వెండి టంకం, ఊదుగొట్టం. నాయినను తాళంచెవి అడిగాను. ఎందుకని అడగలేదు, మొలతాడు నుంచి విప్పి ఇచ్చాడు.

వెండి టంకం పారాలంటే 600, 700 డిగ్రీలు కావాలి. వైట్ మెటల్ 250 లోపే కరుగుతుంది. ఇది కాగితం మీద నాకు తెలుసు. కానీ ఊదుగొట్టం నోట్లో పెట్టుకున్నాక నలభై ఏళ్ళ నాటి అలవాటే పనిచేసింది. ఒక్క ఊపిరి పట్టింది. చిమ్నీ మొదట్లో పాదరసంలాంటి మెరుపు ఒకటి పుట్టి చుట్టూ తిరిగింది. అయ్యో అనుకునేలోపే పొగపెట్టె ముందు భాగం లోపలికి కుంగి, చిమ్నీ దాంట్లోకి వాలి, రెండూ కలిసి బొగ్గు మీదికి జారాయి. చల్లారాక చూస్తే రూపాయి బిళ్ళంత ముద్ద.

నాయిన మంచం మీంచి లేచి వచ్చి ఆ ముద్దను వేలితో తిప్పి చూశాడు.

"సీసం కలిసింది బిడ్డా ఇది. సీసానికి ఊదుడేంది? కళాయి పోసేటోడు గూడ గింత మంట పెట్టడు."

ఆయన తిట్టలేదు. పక్కన కూర్చుని మిగిలిన పోతలు ఒక్కొక్కటే తీసి, గోటితో గీసి, చెవి దగ్గర తట్టి చూశాడు. అంతే, ఆ రోజు నుంచి పెట్టెకు మళ్ళీ తాళం పడలేదు.

వైట్ మెటల్ అతకడానికి 70 డిగ్రీలకే కరిగే టంకం ఉంటుంది. నాయిన నమ్మలేదు. స్టీలు గ్లాసులో మరిగిన నీళ్ళు పోసి చిన్న ముక్క వేసి చూపించాను. అడుగున గుండులా కరిగి అటూ ఇటూ దొర్లింది. ఆయన ఆ గ్లాసును వంచుతూ, తిప్పుతూ పది నిమిషాలు చూశాడు. ఇలాంటి టంకాల్లో సీసం, కాడ్మియం ఉంటాయి కాబట్టి ఆ గ్లాసు మళ్ళీ వంటింట్లోకి పోనివ్వలేదు. ఈ పని మొదలుపెట్టేవాళ్ళకు నేను గట్టిగా చెప్పే మాట కూడా ఇదే: కిటికీ తెరిచి పెట్టండి, పని అయ్యాక చేతులు సబ్బుతో కడిగి గానీ అన్నం దగ్గర కూర్చోకండి.

కరిగిపోయిన చిమ్నీ బదులు నాయిన ఇత్తడి కడ్డీతో కొత్తది చేశాడు. డ్రిల్లింగ్ మిషన్‌ను బల్లకు బిగించి, కడ్డీని దాని మూతికి పెట్టి తిప్పుతుంటే ఆకురాయి ఆనించి నడుము తీశాడు, పైన పెదవి తీశాడు. ముక్కుపుడక పోగు తీసినట్టే. కిట్ తయారుచేసినవాళ్ళ చిమ్నీ కన్నా నాకు అదే బాగుంది. ఆ చిన్న ఇంజను ఇప్పటికీ తిరుగుతుంది, కానీ తయారు చాసిస్ మీద కూర్చున్నది కదా, నేను కట్టానన్న తృప్తి సగమే కలిగింది. చక్రాలు, కడ్డీలు నా చేతుల్లోంచి రావాలి అనిపించింది.

రెండో కిట్ 2021లో తెప్పించుకున్నాను. బార్సీ ఇంజను కిట్ కోసమే వెతికాను, నాకు దొరకలేదు. దొరికింది దాని తమ్ముడు. ఇంగ్లండులో స్టాఫర్డ్‌షైర్ కొండల మధ్య లీక్ అండ్ మానిఫోల్డ్ అని 8 మైళ్ళ పైచిలుకు నారో గేజ్ లైను ఒకటి ఉండేది. అదీ రెండున్నర అడుగులదే, అదీ కాల్‌త్రాప్ వేసిందే. 1904లో మొదలై 1934లో మూతపడింది. దాని మీద తిరిగినవి మొత్తం రెండే ఇంజన్లు, రెండూ కిట్సన్ కంపెనీవే. అందులో ఒకదాని పేరు ఇ.ఆర్. కాల్‌త్రాప్. బార్సీలో నేర్చుకున్నదే ఆయన అక్కడికి తీసుకుపోయాడు. ముందు పెద్ద దీపంతో ఆ ఇంజను ఇంగ్లండు పొలాల్లో తిరిగినా మన దేశపు బండిలాగే ఉంటుంది. ముందు రెండు చిన్న చక్రాలు, నడిపేవి ఆరు, వెనక నాలుగు. కిట్, మోటారు, చక్రాలు అన్నీ కలిపి 20 వేలు దాటాయి. మా ఇంటావిడకు ఆ సంఖ్య చెప్పే ముందు ఒక వారం ఆలోచించాను. ఆమె మామయ్య వైపు చూసి, "ఆయన లేచి కూసుంటున్నడు కదా, కానియ్యండి" అంది.

పార్సిల్ పెట్టె ఒక మూల నలిగి వచ్చింది. లోపల ఇత్తడి రేకు ఒకటి వంగింది. దాన్ని గాజు పలక మీద పెట్టి చెక్క సుత్తితో నాయినే సరిచేశాడు.

ఇత్తడి కిట్ అంటే తెలియనివాళ్ళకు చెప్తాను. కాగితం మందాన ఉన్న ఇత్తడి రేకుల మీద ఇంజను విడిభాగాలన్నీ ఆమ్లంతో కొరికించి ఉంటాయి. ప్రతి ముక్కా చిన్న తొడిమెతో రేకుకు పట్టుకుని ఉంటుంది. తొడిమె కోసి, ఆకురాయితో నునుపు చేసి, సగం లోతు కొరికించిన గీత వెంబడి మడవాలి. గీత ఎప్పుడూ మడత లోపలి వైపుకే రావాలి. ఒకసారి మడిచాక మళ్ళీ విప్పి మడిస్తే విరుగుతుంది. ముక్కలు వందకు పైగా ఉన్నాయి, కొన్ని బియ్యపు గింజలో సగం. మా పాప పడకగదిలో ఒక ముక్క పోతే చీపురు పట్టకుండా తడిగుడ్డతో నేలంతా అద్ది వెతికాం. అవుసలోళ్ళ ఇంట్లో ఊడ్చిన మన్ను కూడా పారబొయ్యరు. ఆ అలవాటు ఇక్కడ చాలా పనికొచ్చింది.

ఇక్కడి టంకం 145 డిగ్రీలది. ఊదుగొట్టం కాదు, వేడి తగ్గించి పెంచుకునే సోల్డరింగ్ ఐరన్. వెలిగారం బదులు పలచని ఫాస్ఫారిక్ ఆమ్లం. సాధనాలు మారాయి గానీ పద్ధతి మారలేదని నాయిన మొదటి గంటలోనే పట్టేశాడు. నేను ఐరన్ మొన మీద టంకం ముద్ద తీసుకుని అతుకు మీద రుద్దుతున్నాను. అక్కడక్కడా బొబ్బల్లా లేస్తోంది. ఆయన శ్రావణం అందుకుని టంకం తీగను సుత్తితో చదును చేయించి, ఆవగింజంత ముక్కలు కోయించాడు. అతుకు లోపలి వైపు ఆమ్లం తడిపి, అంగుళానికో ముక్క శ్రావణంతో పేర్చాడు. "ఇప్పుడు అవతలి దిక్కు నుంచి కాకియ్యి" అన్నాడు. బయటి వైపు ఐరన్ ఆనించాను. ముక్క వణికి, మెరిసి, ఒక్కసారిగా సందులోకి పారి మాయమైంది. టంకం వేడి ఎటుంటే అటు పరుగెడుతుంది. బయట చుక్క కూడా లేదు. పక్క ట్యాంకు (బాయిలరు పక్కన ఉండే నీళ్ళ తొట్టి) అతుకులన్నీ అలాగే వేశాం. గీకాల్సిన పనే పడలేదు.

ఆమ్లం మిగిలితే రెండు రోజుల్లో ఇత్తడి పచ్చగా చిలుము పడుతుంది. అందుకని ప్రతి రాత్రీ సోడా నీళ్ళలో కడిగి, ఆపైన కుంకుడు రసంలో పాత బ్రష్షుతో తోమేవాళ్ళం. రంగు వేసే ముందు చివరిసారిగా చింతపండు. ఇత్తడి చెంబు తోమినట్టే ఇంజను తోమాం. మా అమ్మ ఆ పని ఎవరికీ ఇవ్వలేదు.

ఇప్పుడు అసలు సంగతి.

ఆవిరి ఇంజనుకు రెండు వైపులా కడ్డీలు ఉంటాయి. కడ్డీని చక్రానికి పట్టి ఉంచే క్రాంకులు రెండు వైపులా ఒకే చోట ఉండవు. ఒక వైపుది కింద ఉంటే రెండో వైపుది 90 డిగ్రీలు తేడాగా ఉంటుంది. నిజమైన ఇంజన్లో రెండు సిలిండర్లూ ఒకేసారి అంచుకు చేరి ఆగిపోకుండా ఉండడానికి ఆ ఏర్పాటు. బొమ్మలో సిలిండర్లు పనిచెయ్యవు, మోటారు ఒక ఇరుసును తిప్పితే కడ్డీలు మిగతా వాటిని తిప్పుతాయి. అయినా ఆ తేడా పొందిక తప్పితే కుదరదు. సరిగ్గా 90 కాకపోయినా ఫర్వాలేదు, మూడు ఇరుసులకూ ఒకటే తేడా ఉంటే చాలు. ఒక్క ఇరుసు కొంచెం అటూ ఇటూ అయినా కడ్డీ పట్టేస్తుంది.

నాది పట్టేసింది. మోటారు పెట్టకముందే చాసిస్‌ను గాజు పలక మీద తోసి చూశాను. నాలుగు మిల్లీమీటర్లు పోవడం, కుదుపు, మళ్ళీ పోవడం. ప్రతి చుట్టులో అదే చోట కుదుపు. కడ్డీ రంధ్రాలు బిగుతుగా ఉన్నాయనుకున్నాను. పెద్దవి చేద్దామని సన్న రీమర్ చేతికి తీసుకున్నాను.

"ఆగు" అన్నాడు నాయిన. "రంధ్రం పెద్దగ జేస్తే పట్టుడు పోతది, బండి లొడలొడ అంటది. దోషం యాడున్నదో తెల్వకుండ లోహం తియ్యొద్దు. ఒక్కసారి తీసినంక మళ్ళ పెట్టలేవ్."

చాసిస్ ఆయన చేతికిచ్చాను. కళ్ళు మూసుకున్నాడు. చూపుడు వేలి కొనతో ఒక చక్రాన్ని వెంట్రుకవాసి తిప్పడం, ఆగడం, మళ్ళీ తిప్పడం. బొటనవేలు కడ్డీ మీద ఆనించి ఉంచాడు. గొలుసులో ఏ లింకు బిరుసుగా ఉందో పట్టేటప్పుడు ఆయన చేతులు అచ్చం అలాగే ఉండేవి. మా దుకాణంలో గోడవారగా కూర్చుని నేను చూసిన చేతులు అవే. కాసేపటికి, "నడుమ దానికి, ఎనక దానికి పొందిక లేదు. జత జత చూడు" అన్నాడు.

కడ్డీ రెండు ముక్కలుగా, మధ్యలో కీలుతో ఉంటుంది. ముందు ముక్క తీసేసి, వెనక రెండు ఇరుసులను మాత్రమే కలిపి తోశాను. పట్టింది. అది తీసి ముందు రెండింటినే కలిపాను. వెన్నలా దొర్లింది. అంటే తప్పు ఒక్క వెనక ఇరుసుదే. దాని ఎడమ క్రాంకు రెండు మూడు డిగ్రీలు పక్కకు ఉండి ఉంటుంది, కంటికి కనిపించేది కాదు. ముక్కు పటకారుకు తోలు ముక్క చుట్టి, ఊపిరి బిగబట్టి, ఇసుమంత తిప్పాను. కడ్డీ పెట్టి తోశాను. ఇంకా ఉంది. మళ్ళీ తిప్పాను. ఈసారి ఎక్కువైంది, ఇంకో చోట పట్టింది. రాత్రి తొమ్మిదింటికి మొదలుపెట్టి పదకొండున్నర దాకా అదే పని. చివరికి గాజు పలకకు ఒక వైపు కింద అగ్గిపెట్టె పెట్టి వాలు చేసి వదిలితే, చాసిస్ తనంతట తనే, ఎక్కడా తడబడకుండా, కడ్డీలు ఒకదాని వెంట ఒకటి లేస్తూ పడుతూ కిందికి దిగింది.

నేను ఎనిమిదేళ్ళప్పుడు కుర్దువాడిలో చూసిన కదలిక అది. నాకు గొంతు పట్టేసింది. నాయిన పలక తీసుకుని ఇంకోసారి వదిలాడు, ఇంకోసారి. మా అమ్మ లేచి వచ్చి లైటు ఆర్పేదాకా వదులుతూనే ఉన్నాడు.

మోటారు బిగించడం ఒక సాయంత్రం పని. మోటారు ఇరుసు మీది వార్మ్ (మరలా మెలితిరిగిన పళ్ళ ముక్క), చక్రాల ఇరుసు మీది పళ్ళచక్రం మరీ ఒరుసుకోకూడదు, మరీ ఎడం ఉండకూడదు. రెండిటి మధ్య పల్చని కాగితం ముక్క పెట్టి బిగించి, తర్వాత కాగితం లాగేస్తే ఆ సందు సరిపోతుంది. చక్రాల నుంచి కరెంటు అందుకునే తీగలు ఫాస్ఫర్ బ్రాంజ్‌వి. నా దగ్గరున్న తీగ లావుగా ఉంటే నాయిన దాన్ని కమ్మచ్చులో నాలుగు రంధ్రాల గుండా లాగి సన్నం చేశాడు. అలా లాగిన తీగకు బిరుసు వచ్చి స్ప్రింగులా చక్రానికి ఆనుకుని ఉంటుంది. కాకిస్తే మెత్తబడుతుంది కాబట్టి అతికేటప్పుడు చివర మాత్రమే వేడి తగలనివ్వాలి. ఇరుసులకు సూది మొనతో ఒక్కో చుక్క నూనె వేసి, ముందుకు అరగంట, వెనక్కి అరగంట మోటారు తిప్పాం.

పట్టా విషయంలో మాత్రం పెద్ద పొరపాటు చేశాను. మా మేడ మీద రేకుల గది ఉంది. అక్కడ మూడు మీటర్ల చెక్క మీద డిసెంబరులో, చలికి దుప్పటి కప్పుకుని, పట్టాలు ఒకదానికొకటి ఆనించి అతుకు కనిపించకుండా పరిచాను. చాలా అందంగా వచ్చిందనుకున్నాను. ఏప్రిల్ రెండో వారంలో ఒక మధ్యాహ్నం గది తలుపు తీస్తే పట్టా ఒక చోట పాములా అర అంగుళం పక్కకు పొంగి ఉంది. నికెల్ సిల్వర్ పట్టా మూడు మీటర్లకు 25 డిగ్రీల తేడా తగిలితే మిల్లీమీటరు పైచిలుకు సాగుతుంది. ఆ సాగినదానికి దారి లేకపోతే పక్కకే పోతుంది. అసలు రైల్వేవాళ్ళు అతుకుల దగ్గర సందు వదిలేది ఇందుకే కదా. చిన్నప్పుడు మీటర్ గేజ్ బండిలో టకటక మని విన్న చప్పుడే ఆ సందుది. మన పాలమూరు ఎండల్లో ఈ పని చేసేవాళ్ళు చలికాలంలో పట్టా పరిస్తే అతుకు అతుకుకూ గోరంచంత సందు వదలండి. నడి ఎండాకాలంలో పరిస్తే ఆనించినా ఫర్వాలేదు. నేను ఊడబెరికి మళ్ళీ పరిచాను. ఎలాగూ ఊడబెరికాను కదా అని వంపులు కూడా పెద్దవి చేశాను. నాలుగు చక్రాల చిన్న ఇంజను 9 అంగుళాల వ్యాసార్థం ఉన్న వంపులో సునాయాసంగా తిరుగుతుంది. ఈ పొడుగు ఇంజనుకు 12 అయినా కావాలి.

అప్పటికీ ముందు చిన్న చక్రాలు పట్టా దిగుతూనే ఉన్నాయి. ఇంజను తేలిక. పక్క ట్యాంకుల్లో సీసం నింపాలి, అదీ నడిమి ఇరుసు మీద తూకం నిలిచేలా నింపాలి. నాయిన పాత త్రాసు దించాడు. పాత లెక్కలో 96 గురిగింజలు ఒక తులం. ఆయన ఆ లెక్కలోనే రెండు ట్యాంకులకూ సీసం సరిసమానంగా తూచాడు. రెండిటికీ గురిగింజంత తేడా కూడా లేకుండా కుదిరాకే లేచాడు. బొమ్మకు అంత అక్కర్లేదని చెబుదామనుకున్నాను. కాల్‌త్రాప్ ఐదు టన్నుల లెక్క గుర్తొచ్చి ఊరుకున్నాను. ముందు చక్రాలకు పల్చని స్ప్రింగు పెట్టాక దిగడం ఆగింది.

రంగు నల్లది. కిట్ కాగితంలో వేరే రంగులు చెప్పారు గానీ నేను చూసిన ఇంజను నల్లగా ఉంది, ఇదీ నల్లగానే ఉంటుంది. తెల్లవారుజామున గాలి లేవకముందు స్ప్రే కొట్టి, వెంటనే స్టీలు గంగాళం బోర్లించాం, దుమ్ము పడకుండా.

ఇప్పుడు ఆదివారం సాయంత్రాలు నడుపుతాం. ముందు పట్టాను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడవాలి. రోడ్డు దుమ్ము ఒక్క రోజులో పట్టా మీద పొరలా పడుతుంది, ఇంజను ఆగిపోతుంది. కంట్రోలరు 12 వోల్టులది. నేను దాన్ని ఎప్పుడూ మూడో వంతు దాటనివ్వను. చిన్న లైను బండి ఉరకకూడదు. చక్రం ఒక్క చుట్టు తిరగడానికి మూడు నాలుగు సెకన్లు పట్టేంత మెల్లగా నడిచినప్పుడే కడ్డీ కదలిక కంటికి పూర్తిగా అందుతుంది. స్టేషను వెనక గుట్ట మా ఊరి రాళ్ళతోనే కట్టాను. మన్యంకొండ దారిలో ఏరుకొచ్చిన గులకరాళ్ళు, ఒకదాని మీద ఒకటి. దూరం నుంచి చూస్తే పాలమూరు గుండ్లలాగే ఉంటాయి. స్టేషను బోర్డు మీద ఏం రాయాలో మా పాపను అడిగితే పండరి అని రాసింది.

నాయిన కుర్చీ పట్టా వంపు దగ్గర ఉంటుంది. ఇంజను ఆయన ముందు నుంచి పోయేటప్పుడు చెవి అటు పెడతాడు. వెనక ఇరుసు దగ్గర నూనె తగ్గిన సంగతి నాకంటే ముందు ఆయనే చెబుతాడు.

ఇంజను వెనక లాగడానికి డబ్బాలు కావాలి కదా. కిట్లు కొనకుండా ఇత్తడి రేకు కోసి బార్సీ డబ్బాలు నేనే చేస్తున్నాను, పాత ఫోటోలు చూసి. వాటిని కలిపే కొక్కేలు నాయిన చేస్తున్నాడు. కొన్న కొక్కేలు వంపులో ఊడిపోతున్నాయి. ఆయన మెడ గొలుసు కొక్కెం ఎలా చేస్తారో అలాగే తీగ వంచి, మొన సాగదీసి, చివర కాస్త వెనక్కి తిప్పి చేశాడు. వంపులోనూ, వెనక్కి తోసినప్పుడూ ఒక్కటీ ఊడలేదు. ఆరు డబ్బాలకు పన్నెండు కావాలన్నాను. నిన్న రాత్రికి తొమ్మిదయ్యాయి. పదోదాని మొన ఆయనకు నచ్చలేదు, విరిచి పక్కన పెట్టాడు.